బూజు కింద అక్షరం

2021 నవంబరులో మా జిల్లాను వానలు ముంచెత్తినప్పుడు సదుంలో మా పాతింటి మిద్దె కారింది. అటక మీదున్న తాత ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగాయని పది రోజుల దాకా మేం చూసుకోలేదు. మూత ఎత్తగానే ముక్కిన వాసన గుప్పుమంది. భారతం అట్ట మీద, లోపలి పుటల మీద నల్లటి బూజు. అంచుల్లో తాత గుండ్రటి చేతిరాతతో రాసుకున్న అర్థాలు దాని కింద మరుగునపడిపోయాయి.

అవ్వ ఉంటే ఇలా జరిగేది కాదు. ఏటా దసరాల్లో మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజకని ఆ పెట్టె దింపించేది. పుస్తకాలన్నీ విప్పి, పొడిగుడ్డతో దులిపి, పసుపు బొట్టు పెట్టి, మళ్లీ సర్దేటప్పుడు వేపాకు, వసకొమ్ము వేసేది. మాకు ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకునేది దాదాపు ఆ తర్వాతే. తడి కాలానికి ముందు పుస్తకానికి గాలి తగిలించే పని పూజలోనే కలిసి ఉండేది. అవ్వ పోయాక పూజ మానలేదు. పెట్టె దించడమే మానేశాం.

ఈ జాగ్రత్తలు తాటాకుల కాలం నాటివి. గంటంతో రాస్తే అక్షరం ఆకులోకే దిగుతుంది. నూనెలో కలిపిన మసి పూసి తుడిస్తే గాట్లలో నలుపు నిలుస్తుంది. పైన బూజు పడితే తుడిచి మళ్లీ మసి పూసుకోవచ్చు, గాటు ఎక్కడికీ పోదు. ఆకే శిథిలమైతే ఇంకో ప్రతి రాసుకోవాల్సిందే. మా పొరుగున కడపలో సి.పి. బ్రౌన్ చేయించిందీ అదే. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, తాటాకు ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూసి కాగితం మీదికి ఎత్తి రాయించాడు. ఆయన సేకరణలు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఇప్పటికీ ఉన్నాయి.

కాగితం సంగతి వేరు. అచ్చు సిరా పైపైనే ఉంటుంది. బూజు మాత్రం పోగుల్లోకి దారాలు చాచి, అట్టకు వేసిన జిగురును, కాగితాన్నీ తింటుంది. పైది దులిపినా దాని రంగు లోపల మిగిలిపోతుంది. 1966 నవంబరు 4న ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ గ్రంథాలయాన్ని ముంచినప్పుడు దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు బురదలోంచి పుస్తకాలను ఎత్తి ఆరబెట్టారు. ఇప్పటి పుస్తక సంరక్షణ విద్య చాలావరకు ఆ బురదలో పుట్టిందే.

తాత పుస్తకం మీది బూజు పోగొట్టే దారి కోసం వెతుకుతున్నప్పుడే లేజర్ మాట విన్నాను. 1970ల మొదట్లో జాన్ ఆస్మస్ అనే శాస్త్రవేత్త శిల్పాల హోలోగ్రామ్‌లు తీయడానికి వెనిస్ వెళ్లి, అదే లేజర్ కాంతిని నల్లబడిన పాలరాతి మీద వేసి చూశాడు. నల్లటి పొర కాంతిని పీల్చుకుని వేడెక్కి ఎగిరిపోయింది. తెల్లరాయి ఆ కాంతిని చాలావరకు వెనక్కి కొట్టి నిలిచింది. తర్వాత తోలు మీద, కాగితం మీద కూడా ప్రయత్నాలు జరిగాయి. రాత లేని తెల్ల కాగితం మీది మసికి అది బాగా పనికొస్తుంది. నా బెంగంతా అక్షరం దగ్గరే. అచ్చు సిరాలో ఉన్నదీ మసే కదా! ఆ కాంతికి బూజూ నలుపే, అక్షరమూ నలుపే. మోతాదు మించితే కాగితమే పచ్చబడుతుంది. పోగుల్లోకి దిగిన మరకను తియ్యడం దానికీ కష్టమే. తాత రాతను దాని ముందు పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు.

పుటల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, నీడలో ఫ్యాను గాలికి ఆరనిచ్చాను. ఎండలో పెడితే కాగితం వంకర్లు పోతుంది, సిరా వెలుస్తుంది. పూర్తిగా ఆరేదాకా బూజును ముట్టలేదు, తడి మీద రుద్దితే ఇంకా లోపలికి పూసుకుపోతుంది. తర్వాత ముక్కుకు మాస్కు కట్టుకుని, వరండాలో కూర్చుని, మెత్తటి కుంచెతో పుట తర్వాత పుట దులిపాను. కర్ణపర్వం దాటేసరికి నెల పట్టింది.

మొన్న దసరాల్లో పెట్టె దించి చూశాను. మరకలు అలాగే ఉన్నాయి. కొత్త బూజు లేదు. ఒక పుట అంచున తాత రాసిన అర్థం సగం చదవడానికి వస్తోంది.