పారేసే చేప పేగుల చరిత్ర

మాది గోపాలపురం దగ్గర బెస్తవాడ. పొద్దున్నే పడవలు వచ్చాక అమ్మ, మామ్మ చేపలు కోస్తారు. తలలు, పేగులు, పొలుసులు ఒక గంపలో పడతాయి. వాటిని కాకులకో, కుక్కలకో వదిలేస్తాం. ముళ్లు తీసి కండ మాత్రమే అమ్మే చోట చేప బరువులో సగం దాకా ఇలాగే పోతుందట. అది నిజంగా చెత్తేనా అని చరిత్రలో వెతికాను.

రెండు వేల ఏళ్ల క్రితం రోమన్లు దాన్ని చెత్త అనుకోలేదు. చేప పేగుల్లో ఉప్పు వేసి, తొట్లలో నెలల తరబడి ఎండలో ఉంచి గారమ్ అనే పులుసు తీసేవాళ్లు. మామూలుగా పారేసే పేగులతోనే దీన్ని చేస్తారని ప్లినీ అనే రచయిత రాశాడు. అత్తరు తప్ప ఇంత ఖరీదైన ద్రవం మరొకటి లేదనీ అన్నాడు. పాంపే నగరంలో స్కారస్ అనే వర్తకుడు గారమ్ అమ్మి ధనవంతుడయ్యాడు. తన ఇంటి నేల మీద గారమ్ కూజాల బొమ్మలు పొదిగించుకున్నాడు! స్పెయిన్‌లోని బైలో క్లాడియాలో ఆనాటి తొట్లు ఇప్పటికీ ఉన్నాయి.

మరి అది కుళ్లిపోలేదెందుకు? ఉప్పు కుళ్లబెట్టే సూక్ష్మజీవుల్ని ఆపుతుంది. చేప పేగుల్లోని ఎంజైములు మాత్రం మాంసకృత్తుల్ని చిన్న ముక్కలుగా విడగొడుతూనే ఉంటాయి. ఈ సంగతి రోమన్లకు తెలియదు. 1836లో ష్వాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త జీర్ణాశయంలో పెప్సిన్‌ని కనిపెట్టాకే దారి తెరుచుకుంది.

ఇప్పుడు నెలలు ఆగక్కర్లేదు. చేప వ్యర్థాన్ని రుబ్బి, నీళ్లు కలిపి, గోరువెచ్చగా ఉంచి ఎంజైము వేస్తే కొన్ని గంటల్లో కరుగుతుంది. బొప్పాయి పాలలోని పపైన్ కూడా ఇందుకు పనికొస్తుంది. మాంసం మెత్తబడాలని మామ్మ కూరలో పచ్చి బొప్పాయి ముక్క వేసేది ఇందుకే! తర్వాత బాగా వేడి చేస్తే ఎంజైము పని ఆగిపోతుంది. వడకట్టి ఆరబెడితే సులువుగా అరిగే ప్రోటీను పొడి వస్తుంది. 1957లో కొచ్చిలో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇలాంటి పనుల మీద పరిశోధన చేస్తోంది. దాని కేంద్రం ఒకటి మన విశాఖపట్నంలోనూ ఉంది.

ఇదంతా చెబితే మామ్మ నవ్వి, "గంప మాది, డబ్బు ఎవరిదిరా?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. స్కారస్ పేరు మిగిలింది గానీ, అతనికి చేపలు పట్టి ఇచ్చినవాళ్ల పేర్లు మనకు తెలియవు. ఈసారి చరిత్ర అలా కాకూడదు. ఆ పొడి చేసే యంత్రం మా వాడలోనే, మా అమ్మల సంఘం చేతిలో ఉండాలని నా కోరిక.