హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ - గుండె లయ

గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ఏలుబడికి లోబడి ఉన్న కాలంలో హైదరాబాదులో జరిగిన ఒక వైద్య పరిశోధన ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. దానిని మనం గర్వంగా చెప్పుకుంటాము. అయితే సగమే చెప్పుకుంటాము.

ఆ రోజుల్లో శస్త్రచికిత్సకు క్లోరోఫాం ఇవ్వగా కొందరు రోగులు హఠాత్తుగా మరణించేవారు. ముందుగా ఆగేది శ్వాసయా, గుండెయా? హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ శ్వాసయేనని నమ్మాడు. 1888 నాటి మొదటి కమిషన్ ఆయననే బలపరచింది. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక సందేహం వెలిబుచ్చగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు మంజూరు చేసి, ఆ పత్రిక ఎంపిక చేసిన నిపుణుణ్ణే రప్పించారు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. తీర్పు మారలేదు: శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు, గుండెకు భయం లేదు.

ఈ తీర్పు నిలవలేదు. కారణం గుండె స్వభావంలోనే ఉంది.

గుండె నరాల ఆజ్ఞ కోసం ఎదురుచూడదు. కుడి కర్ణిక పైభాగంలో ఒక చిన్న కణసముదాయం ఉంది. కీత్, ఫ్లాక్ అనేవారు 1907లో దానిని వర్ణించారు. ఈ కణాలకు విరామమే లేదు. ఒక స్పందన ముగియగానే సోడియం అయాన్లు మెల్లగా లోనికి చేరతాయి. ఒక హద్దు దాటగానే కాల్షియం ప్రవేశించి విద్యుత్ తరంగం పుడుతుంది. పొటాషియం వెలుపలికి పోగా కణం మొదటి స్థితికి వస్తుంది. విశ్రాంతిగా ఉన్న మనిషిలో ఇది సాధారణంగా నిమిషానికి 60 నుంచి 100 సార్లు జరుగుతుంది. ఆ తరంగం, 1906లో తవారా వర్ణించిన రెండవ కణుపు వద్ద లిప్తకాలం ఆలస్యమై, జఠరికలకు చేరుతుంది.

ఈ క్రమం చెదిరితే జఠరికలు ముడుచుకోక వణుకుతాయి. రక్తం కదలదు. హఠాన్మరణానికి ఇది కారణం కావచ్చునని మాక్‌విలియం 1889లోనే సూచించాడు. పలచని మత్తులో క్లోరోఫాం ఈ వణుకునే కలిగించగలదని లెవీ 1911లో పిల్లులపై చూపాడు. భయంతో అడ్రినలిన్ పెరిగిన రోగికి ప్రమాదం మరింత ఎక్కువ. మోతాదు పెంచుతూ పోతే శ్వాస ముందు ఆగుతుందని హైదరాబాదు చూసినది అబద్ధం కాదు. దానినే అన్ని మరణాలకూ వర్తింపజేయడమే పొరపాటు.

13వ శతాబ్దంలో ఇబ్న్ అన్-నఫీస్, ఇబ్న్ సీనా గ్రంథానికి వ్యాఖ్య వ్రాస్తూనే, గేలన్ చెప్పినట్లు గుండె నడిగోడలో రంధ్రాలు లేవని స్పష్టం చేశాడు. పెద్దలను గౌరవించడానికీ, వారి మాటను పరీక్షించడానికీ వైరుధ్యం లేదు. హైదరాబాదు కమిషన్‌ను కూడా మనం ఆ విధంగానే, దాని తప్పుతో సహా, స్మరించుకోవాలి.