సిరియం చమురు కర్మాగారము – తెలుగు కూలీలు

పూర్వము దిగువ బర్మాలో జనసంఖ్య తక్కువ. ఉన్నవారును వరిసాగునే కోరిరి. కావున రంగూను సమీపమున సిరియములో బర్మా ఆయిల్ కంపెనీ నడిపిన చమురుశుద్ధి కర్మాగారమునకు కూలీల కొరత ఏర్పడెను. దానిని తీర్చినవారిలో తెలుగువారు ముఖ్యులు. కోరంగి రేవునుబట్టి వారిని అచ్చట కొరంగీలనుచుండిరి.

మేస్త్రి గోదావరి, విశాఖపట్టణము, గంజాం జిల్లాల పల్లెలలో ముందుగా పైకమిచ్చి, ఓడఖర్చు భరించి జనమును కొనిపోవుచుండెను. ఆ బాకీని వారి కూలినుండి రాబట్టుకొనుచుండెను. పనివాడు పనిచేసినది కంపెనీకి, బద్ధుడైనది మేస్త్రికి. పరిశ్రమకు కూలీలను సమకూర్చినది పల్లెలలోని లేమియే.

1942 మార్చిలో జపాను సేనలు సమీపింపగా ఆంగ్లేయులే ఆ కర్మాగారమును ధ్వంసము చేసిరి. ఓడలు దొరకని భారతీయులు వేలకొలదిగా అరకాను, మణిపురము దారుల కాలినడకన స్వదేశమునకు మరలిరి, త్రోవలో మరణించినవారనేకులు. పోవునపుడు ఓడఖర్చు సమకూర్చిన ఆ పద్ధతి మరలునపుడు వారికి అక్కరకు రాలేదు.