పద్దెనిమిదేళ్ల తర్వాత సొంత పాటలు: రోలింగ్ స్టోన్స్ ‘హ్యాక్నీ డైమండ్స్’ వెనుక చరిత్ర

లండన్‌లో పుట్టిన రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ 2023 అక్టోబర్ 20న ‘హ్యాక్నీ డైమండ్స్’ ఆల్బమ్‌ను విడుదల చేసింది. సొంత పాటలతో ఆ బృందం నుంచి అంతకుముందు వచ్చిన ఆల్బమ్ 2005 నాటి ‘ఎ బిగ్గర్ బ్యాంగ్’. కొత్త ఆల్బమ్ వచ్చేనాటికి గాయకుడు మిక్ జాగర్‌కు 80 ఏళ్లు, గిటారిస్టు రోనీ వుడ్‌కు 76. మరో గిటారిస్టు కీత్ రిచర్డ్స్‌కు 80 నిండటానికి రెండు నెలలు మిగిలి ఉన్నాయి. బ్రిటన్ అమ్మకాల పట్టికలో ఆల్బమ్ మొదటి స్థానానికి చేరింది. పత్రికలు ఎక్కువగా వాళ్ల వయసు గురించే రాశాయి. చరిత్ర చదివేవారికి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: పాటలు కట్టడం ఏనాడూ మానని మనుషులకు ఒక ఆల్బమ్ పూర్తిచేయడానికి పద్దెనిమిదేళ్లు ఎందుకు పట్టింది?

మొదట్లో వాళ్ల వేగం వేరు. తొలి ఆల్బమ్ బ్రిటన్‌లో 1964 ఏప్రిల్‌లో వచ్చింది. 1968 నుంచి 1972 వరకు, ఐదేళ్లలోపే ‘బెగ్గర్స్ బాంక్వెట్’, ‘లెట్ ఇట్ బ్లీడ్’, ‘స్టికీ ఫింగర్స్’, ‘ఎగ్జైల్ ఆన్ మెయిన్ స్ట్రీట్’ వెలువడ్డాయి. రాక్ సంగీతం గురించి రాసేవాళ్లెవరూ ఈ నాలుగింటినీ దాటి వెళ్లలేరు. 1989 తర్వాత ఎడం పెరిగింది. ‘వూడూ లౌంజ్’ 1994లో, ‘బ్రిడ్జెస్ టు బాబిలాన్’ 1997లో వచ్చాయి. ఆ పైన ఎనిమిదేళ్లకు గానీ ‘ఎ బిగ్గర్ బ్యాంగ్’ రాలేదు.

దీని వెనుక ఆర్థిక కారణం స్పష్టంగానే ఉంది. అరవైలలో రికార్డులు అమ్ముడుపోవడానికి కచేరీలు చేసేవారు. తొంభైల నాటికి పరిస్థితి తిరగబడి, కచేరీ యాత్రకు ప్రచారంగా ఆల్బమ్ తేవడం మొదలైంది. 2005-07 మధ్య సాగిన యాత్రకు దాదాపు 55.8 కోట్ల డాలర్ల వసూళ్లు వచ్చాయి. అప్పటికి ఏ బృందానికీ అంత రాలేదు. ఆ వేదికల మీద జనం అడిగినవి నలభై ఏళ్ల కిందటి పాటలే. 2003 ఏప్రిల్‌లో బెంగళూరు, ముంబై నగరాల్లో వాళ్లు పాడినప్పుడు కూడా చేతిలో కొత్త ఆల్బమ్ లేదు. ‘ఫార్టీ లిక్స్’ అనే సంకలనం వెంట సాగిన యాత్ర అది. కొత్త పాటలు లేకపోయినా స్టేడియంలు నిండుతున్నప్పుడు స్టూడియోకు వెళ్లాల్సిన అవసరం తగ్గిపోతుంది.

డబ్బు ఒక్కటే కారణమంటే మాత్రం ఆ బృందం పనిచేసే తీరును పట్టించుకోనట్టే. రిచర్డ్స్‌కు పాట ముందే సిద్ధమై రాదు. గిటార్ మీద ఒక చిన్న వరుస పట్టుకుని, మిగతావాళ్లతో గంటలు, రోజుల తరబడి వాయిస్తూ పోతే అందులోంచి పాట రూపు కడుతుంది. 1971లో దక్షిణ ఫ్రాన్స్ తీరంలో నెల్కోట్ అనే భవనపు నేలమాళిగలో ‘ఎగ్జైల్’ పాటలు అలాగే పుట్టాయి. జాగర్ మాత్రం గడువు పెట్టుకుని ముగించాలనుకునే మనిషి. ఈ రెండు స్వభావాల మధ్య ఘర్షణ ఎనభైలలో బృందాన్ని చీలిక అంచుకు తెచ్చింది. 1985లో జాగర్, 1988లో రిచర్డ్స్ సొంత ఆల్బమ్‌లు చేసుకున్నారు. మధ్యలో 1986లో వచ్చిన ‘డర్టీ వర్క్’లో ఆ కోపతాపాలు ఇప్పటికీ వినబడతాయి.

1981 నాటి ‘టాటూ యూ’ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. యాత్ర దగ్గరపడింది, కొత్త పాటలు లేవు. సౌండ్ ఇంజనీర్ క్రిస్ కిమ్సే పాత టేపులు తవ్వి, 1972 నుంచి మిగిలిపోయిన ముక్కలను బయటికి తీశాడు. జాగర్ వాటికి మాటలు రాసి పాడాడు. ‘స్టార్ట్ మీ అప్’ కూడా పక్కన పడేసిన పాటే. మొదట దాన్ని రెగ్గే శైలిలో ప్రయత్నించారు. అంటే ఆ బృందం దగ్గర సరుకుకు ఎన్నడూ కొరత లేదు. ముగించే ఒత్తిడి వచ్చినప్పుడే అది ఆల్బమ్ అయ్యేది.

2015 డిసెంబర్‌లో లండన్‌లోని బ్రిటిష్ గ్రోవ్ స్టూడియోలో ఇదే మరోలా రుజువైంది. సొంత పాటల కోసం వెళ్లి, పని సాగక, గదికి అలవాటుపడేందుకు లిటిల్ వాల్టర్ పాడిన పాత బ్లూస్ పాట ఒకటి అందుకున్నారు. అక్కడి నుంచి ఒకదాని వెంట ఒకటి పన్నెండు పాత బ్లూస్ పాటలు మూడే రోజుల్లో పూర్తయ్యాయి. ‘బ్లూ అండ్ లోన్సమ్’ అనే ఆ ఆల్బమ్ 2016లో వచ్చి, తర్వాత గ్రామీ పురస్కారం కూడా అందుకుంది. సొంత పాటలు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. 2019లో మళ్లీ రికార్డింగులు జరిగాయి. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మూసివేతల నడుమ, ‘లివింగ్ ఇన్ ఎ ఘోస్ట్ టౌన్’ అనే ఒక్క పాట బయటికొచ్చింది.

2021 ఆగస్టు 24న డ్రమ్మర్ చార్లీ వాట్స్ 80 ఏళ్ల వయసులో మరణించాడు. 1963 జనవరి నుంచి ఆ బృందానికి తాళం ఆయనదే. యువకుడిగా అడ్వర్టైజింగ్ కంపెనీలో డిజైనర్ ఉద్యోగం చేసినవాడు, మనసంతా జాజ్ మీద ఉన్నవాడు. ఎడమ చేయి స్నేర్ డ్రమ్ మీద దెబ్బ వేసే క్షణంలో ఆయన కుడి చేయి హై-హాట్ తాళాల మీది నుంచి లేచేది. చాలామంది డ్రమ్మర్లు రెండూ కలిపి కొడతారు. ఆ చిన్న ఖాళీ వల్ల దెబ్బకు ముందూ వెనకా గాలి ఆడినట్టుంటుంది. మామూలుగా బ్యాండు డ్రమ్మర్ వెంట నడుస్తుంది. ఇక్కడ వాట్స్ రిచర్డ్స్ గిటార్ వెంట నడిచేవాడు. స్టోన్స్ పాటల్లో పడీపడనట్టు ఊగే ఆ నడక ఇందులోంచే వచ్చిందని నేను నమ్ముతాను. అనారోగ్యంతో యాత్రకు రాలేనని తెలిసినప్పుడు తన చోట స్టీవ్ జోర్డన్ వాయించడానికి ఆయనే ఆమోదం తెలిపాడు. రిచర్డ్స్ సొంత ఆల్బమ్‌లో వాయించిన జోర్డన్ వాళ్లకు కొత్తవాడు కాదు.

వాట్స్ పోయాక మిగిలినవాళ్లకు కాలం విలువ తెలిసింది. 2022 చివర్లో స్టూడియోకు వెళ్లి, 2023 ఫిబ్రవరి 14 నాటికి పాటలు ముగించాలని జాగర్ గడువు పెట్టాడు. పాల్ మెకార్ట్నీ సూచించిన ఆండ్రూ వాట్ అనే యువ నిర్మాతను పిలిచారు. 1990లో పుట్టిన వాట్, వీళ్లకు మనవడి వయసువాడు. ఒక్కో పాటను రోజుల తరబడి సాగనివ్వకుండా పని వేగంగా నడిపించాడు. రిచర్డ్స్ ఈ పద్ధతికి ఒప్పుకోవడమే ఈ కథలో పెద్ద మలుపు. అరవై ఏళ్ల వాదంలో ఒక పక్షం దిగివచ్చింది.

ఫలితం అంతా ఒకే ఎత్తున లేదు. శబ్దం మరీ నున్నగా, నిండుగా ఉంది. వాట్స్ ఆడించిన గాలి కొన్ని పాటల్లో కరువైంది. మొదటి పాట ‘యాంగ్రీ’ చక్కగా కట్టినదే కానీ పాత అచ్చులోంచి తీసినట్టుంటుంది. రిచర్డ్స్ పాడిన ‘టెల్ మీ స్ట్రెయిట్’ చిన్నది, నిజాయతీగలది. ‘లివ్ బై ద సోర్డ్’లో 2019 నాటి వాట్స్ డ్రమ్స్ ఉన్నాయి. వాటికి బాస్ గిటార్ జతచేయడానికి 1993లో బృందాన్ని వదిలివెళ్లిన బిల్ వైమన్‌ను పిలిచారు. 86 ఏళ్ల వైమన్ వచ్చి, లేని మిత్రుడి తాళంతో కలిసి వాయించాడు. ‘మెస్ ఇట్ అప్’లో కూడా డ్రమ్స్ వాట్స్‌వే.

అతిథుల్లో మెకార్ట్నీ, ఎల్టన్ జాన్ ఉన్నారు. 1963లో బీటిల్స్ సహచరుడు జాన్ లెనన్‌తో కలిసి ఈ బృందానికి ఒక పాట ఇచ్చిన మెకార్ట్నీ, ఇప్పుడు ‘బైట్ మై హెడ్ ఆఫ్’లో బాస్ వాయించాడు. నా దృష్టిలో ఆల్బమ్ శిఖరం ‘స్వీట్ సౌండ్స్ ఆఫ్ హెవెన్’. ఏడు నిమిషాలు దాటే ఈ పాటలో కీబోర్డుల దగ్గర స్టీవీ వండర్, జాగర్‌కు జోడీగా లేడీ గాగా. 1972 అమెరికా యాత్రలో స్టోన్స్ కన్నా ముందు వేదికెక్కిన గాయకుడే ఈ వండర్. నల్లజాతి చర్చి పాటల ధోరణిలో మెల్లగా మొదలై, పైపైకి ఎగసి, ముగిసిందనుకున్న చోట మళ్లీ చిగురిస్తుంది. గడువుతో పాటలు ముగించవచ్చు గానీ, ఇలాంటి చోటుకు మాత్రం రిచర్డ్స్ నమ్మిన పాత పద్ధతే, అంటే గదిలో కూర్చుని ఒకరినొకరు వింటూ వాయించడమే, తీసుకెళ్తుంది.

చివరి పాటలో జాగర్, రిచర్డ్స్ ఇద్దరే ఉన్నారు. అది మడ్డీ వాటర్స్ 1950లో షికాగోలోని చెస్ కంపెనీకి పాడిన ‘రోలిన్ స్టోన్’. ఇక్కడ దాని పేరు ‘రోలింగ్ స్టోన్ బ్లూస్’. మడ్డీ వాటర్స్ అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. మిసిసిపీ పత్తి పొలాల్లో పనిచేసి, 1943లో షికాగోకు వలసవెళ్లాడు. 1961 అక్టోబర్‌లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో చిన్ననాటి పరిచయస్థులైన జాగర్, రిచర్డ్స్ మళ్లీ కలిసినప్పుడు జాగర్ చంకలో ఆయన రికార్డు ఉంది. మరుసటి ఏడాది అప్పటి గిటారిస్టు బ్రయాన్ జోన్స్ ఈ బృందానికి పేరు పెట్టింది ‘రోలిన్ స్టోన్’ పాటను బట్టే. అయినా అరవై ఏళ్లపాటు వాళ్లు ఏ స్టూడియో ఆల్బమ్‌లోనూ దాన్ని చేర్చలేదు.

నల్లజాతి బ్లూస్ కళాకారుల పట్ల ఈ బృందం నడత మచ్చలేనిదేమీ కాదు. 1965లో అమెరికా టీవీ కార్యక్రమంలో హౌలిన్ వుల్ఫ్‌ను కూడా చూపించాలని పట్టుబట్టింది వీళ్లే. 1968లో ‘బెగ్గర్స్ బాంక్వెట్’ తొలి ప్రతుల మీద ‘ప్రాడిగల్ సన్’ రచయితలుగా జాగర్, రిచర్డ్స్ పేర్లు అచ్చయిందీ వీళ్ల రికార్డు మీదే. నిజానికి ఆ పాట మెంఫిస్‌కు చెందిన రెవరెండ్ రాబర్ట్ విల్కిన్స్‌ది. అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. తర్వాతి ముద్రణల్లో తప్పు దిద్దారు. ‘హ్యాక్నీ డైమండ్స్’ పన్నెండు పాటల్లో పదకొండింటికి జాగర్, రిచర్డ్స్ రచయితలు. వాటిలో మూడింటిలో ఆండ్రూ వాట్‌కూ భాగముంది. పన్నెండో పాటకు రచయితగా మోర్గన్‌ఫీల్డ్ ఒక్కడి పేరే ఉంది.