కొలమానాల ఉపసర్గలు: ఉచ్చారణ చరిత్ర, తెలుగు వ్రాత

మెట్రిక్ కొలమానాల ఉపసర్గలకు ప్రపంచమంతటా గుర్తులు ఒక్కటే. ఉచ్చారణ మాత్రం ఒక్కటి కాదు. రోమన్ లిపిలో ఈ భేదం కంటికి కనిపించదు. తెలుగులో పలికినట్లే రాస్తాం కనుక, ఒక ఉపసర్గను రాయడమంటే దాని ఉచ్చారణను నిర్ణయించడమే. ఆ నిర్ణయానికి ఆధారమేమిటో చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1795 ఏప్రిల్ 7 నాటి ఫ్రెంచి చట్టం గుణిజాలకు గ్రీకు మూలాలను (డెకా, హెక్టో, కిలో), భాగాలకు లాటిన్ మూలాలను (డెసి, సెంటి, మిల్లి) స్వీకరించింది. గ్రీకులో వేయిని తెలిపే 'ఖీలియోయ్'లోని మహాప్రాణం ఫ్రెంచి 'కిలో'లో నిలవలేదు. ఖ-కారం ఉన్న తెలుగులో సైతం 'ఖిలో' అని ఎవరూ రాయరు. ఉచ్చారణకు వ్యుత్పత్తి కంటే వ్యవహారమే ప్రమాణమని దీనివల్ల స్పష్టమవుతుంది.

ఆంగ్లంలో ఆ వ్యవహారమే రెండుగా చీలింది. 'కిలోమీటరు' పదంలో కొందరు మొదటి అక్షరాన్ని, కొందరు రెండవ అక్షరాన్ని ఊది పలుకుతారు. 1960లో అంతర్జాతీయ ప్రమాణ వ్యవస్థలో చేరిన 'గిగా'కు 'జిగా' అనే ఉచ్చారణ కూడా ఉంది. 1985 నాటి 'బ్యాక్ టు ది ఫ్యూచర్' చలనచిత్రంలో వినిపించేది అదే. తెలుగు పత్రికలు 'గిగావాట్' అని గ-కారాన్నే స్థిరపరచాయి. ఊనికతో అర్థభేదం లేని తెలుగులో 'కిలోమీటరు'లోని దీర్ఘాలు చెక్కుచెదరలేదు.

సేరు, వీశె, మణుగు వంటి పాత కొలతలకు దేనికది ప్రత్యేక నామం. 1956 చట్టాన్ని అనుసరించి 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు అంచెలంచెలుగా అమలులోకి వచ్చాయి. జనవ్యవహారంలో 'కిలో' ఉపసర్గగా మిగలక నామవాచకమైంది: పావుకిలో, అరకిలో, రెండు కిలోలు. పావుసేరు, అర్ధసేరు అన్న పాత పద్ధతిలోనే కొత్త పదం ఒదిగింది.

ఇంతవరకు వ్యవహారమే దారి చూపింది. వ్యవహారం ఇంకా స్థిరపడని కొత్త ఉపసర్గల విషయంలో వ్రాత బాధ్యత పెరుగుతుంది. మెగా మొదలైన పెద్ద గుణిజాలు ఆ-కారాంతాలు. మైక్రో, నానో వంటి సూక్ష్మభాగాలు ఓ-కారాంతాలు. 1991లో చేరిన యొట్టా, యొక్టో; 2022లో చేరిన రొన్నా, రొంటో, క్వెట్టా, క్వెక్టో ఈ క్రమాన్నే పాటించాయి. యొట్టా అంటే ఒకటి పక్కన 24 సున్నలు. యొక్టో అంటే ఒకటిని ఆ సంఖ్యతో భాగించగా వచ్చేది. ఈ జంటలలో చివరి అచ్చే పరిమాణ సూచకం.

కాబట్టి ఈ పదాలను 'యొట్ట', 'రొన్న' అని కుదించక పదాంత దీర్ఘాన్ని నిలపడం, పదాదిలో ఎ, ఒ హ్రస్వాలను పాటించడం అవసరం. ఆ సూక్ష్మభేదాలను చూపగల అక్షరాలు తెలుగులో ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు, నిఘంటువులు ఒకే రూపాన్ని పాటిస్తే ఉచ్చారణ దానంతటదే స్థిరపడుతుంది.