దున్నేది ఒకరు, సంతకం మరొకరిది

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో సర్కారు సాయం ఒక రైతుకు అందలేదంటే, పథకం సంగతి అతనికి తెలియలేదనో, ఆఫీసు దూరమైందనో సరిపెట్టుకుంటాం. 140 ఏళ్ల చట్టాలు తిరగేస్తే అసలు అడ్డంకి వేరేచోట కనిపిస్తుంది. 1876–78 కరువు తర్వాత బ్రిటిషు ప్రభుత్వం 1883లో భూమి అభివృద్ధి రుణాల చట్టం, మరుసటి ఏడాది రైతు రుణాల చట్టం తెచ్చింది. బావి తవ్వకం వంటి పనులకు మొదటిది, విత్తనాలకు, ఎద్దులకు రెండోది. జనం నోట ఇవి తక్కావి అప్పులు. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. చెరువులూ బావులే దిక్కైన ఈ సీమలో బావికి అప్పు దొరకడం చిన్న విషయం కాదు. కానీ 1883 చట్టం ఆ అప్పును భూమిని బాగుచేసుకునే హక్కున్నవారికి, లేదా వారి సమ్మతితో ఇతరులకు ఇమ్మంది. అంటే గుత్తకు చేసే రైతు ముందు ఆసామి ఇంటి మెట్లెక్కాలి, ఆ తర్వాతే తాలూకా కచేరీ మెట్లు.

ప్రజల సొమ్ముకు హామీ వద్దా అంటే, బావి విషయంలో కావాల్సిందే. గుత్త తీరి రైతు వెళ్లిపోయినా బావి ఆ భూమిలోనే ఉంటుంది కదా. విత్తనానికి, పంట నష్టానికి ఆ తర్కం అతకదు. మట్టిలో పెట్టుబడి పోసింది దున్నినవాడే. సాయాన్ని పనికి ముడిపెట్టే పద్ధతి ఇక్కడివారికి కొత్తదీ కాదు: చెరువు కట్టినవారికి, మరమ్మతు చూసేవారికి దశబంధం పేరిట ఇనాము భూములుండేవి. వాటిని మరీ పొగడనక్కర్లేదు. వంశపారంపర్యమయ్యాక చెరువు పూడినా ఇనాము చెక్కుచెదరని సందర్భాలున్నాయి.

అసలు చిక్కంతా కరణం లెక్కలదేనన్న వాదనలో కొంత నిజముంది. ఊరి సాగు లెక్కల పుస్తకం అడంగల్ ఆయన చేతిలో ఉన్నన్నాళ్లూ ఊళ్లో ఆయన మాటే చెల్లింది. అయితే 1984లో కరణాలు పోయారు; 2020లో ఊరూరా రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి. పథకం గురించి అడగడానికి మండలం దాకా పోనక్కర్లేకపోయింది. కౌలుదారు పరిస్థితి మాత్రం ముందుకు జరిగి మళ్లీ వెనక్కి వచ్చింది. రాష్ట్రం తెచ్చిన 2011 చట్టం కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చేందుకు అధికారుల విచారణ చాలంది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల కార్డుకు యజమానితో ఒప్పంద పత్రం అడిగింది. యజమానుల భయం పోగొట్టడానికే ఆ నిబంధన అన్నారు. భయం పోలేదు. పొలం చేజారుతుందన్న అనుమానం ఒకటి, అదే సర్వే నంబరు మీద తమ పంట రుణానికి గండి పడుతుందన్న లెక్క మరొకటి. రెండోదే ఎక్కువ గట్టిదని నా అభిప్రాయం. 1883 చట్టంలో కనీసం సమ్మతి అనే దారి ఉంది. 2019లో మొదలైన పీఎం కిసాన్‌లో అదీ లేదు: ఏటా వచ్చే 6,000 రూపాయలు పేరిట భూమి ఉన్న కుటుంబాలకే.