నిందలేని విడాకులు

హైదరాబాదు నగరమునకు వాయవ్యమున కూకట్‌పల్లి యున్నది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట ఉద్యోగములకై వచ్చిన యువదంపతులెందరో ఇచ్చట కాపురములు పెట్టిరి. అన్ని కాపురములును నిలువవు. సంతానము కలుగకమునుపే, ఏడాది రెండేండ్లకే, తమకు పొసగదని ఇరువురును శాంతముగా నిశ్చయించుకొనుటయు కలదు. అట్టివారికి నేడు శాసనము చూపుచున్న దారి యెట్లేర్పడెనో ఈ ప్రసంగమున మేము వివరింపదలచితిమి.

ఈ భావము పాశ్చాత్యుల నుండి వచ్చినదనుట సరికాదు. పరస్పర ద్వేషము గల దంపతులు విడిపోవచ్చునని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. ధర్మవివాహములకు మాత్రము ఆ వెసులుబాటు నీయలేదు. తెలుగునాట పలు కులములలో పెద్దల యెదుట తెగతెంపులు చేసికొని మారుమనువాడు ఆచారముండెను.

ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రమున నున్నప్పుడు, 1949 నాటి మద్రాసు చట్టము హిందువులకు విడాకుల హక్కు నొసగెను. 1955 హిందూ వివాహ చట్టము ఆంధ్రమునకును హైదరాబాదు రాష్ట్రమునకును ఒకే నియమము నేర్పరచెను; ఆచారసిద్ధమైన విడాకులను గూడ కాపాడెను. కాని విడాకులు కోరువారు సాధారణముగా ఎదుటివారి దోషమును రుజువు చేయవలసియుండెను. దోషమే లేనిచో ఏమి చేయవలెను? 1954 ప్రత్యేక వివాహ చట్టము క్రింద పెండ్లియాడినవారికి పరస్పరాంగీకారము చాలియుండెను. తక్కినవారు సర్దుకొనియుండవలెను, లేదా లేని నిందను మోపవలెను.

1976 సవరణ ఈ చిక్కును విప్పెను. కొత్తగా చేరిన 13-బి సెక్షను ప్రకారము, ఏడాదియైన వేరుగా నున్న దంపతులు కలిసి అర్జీ పెట్టుకొనవచ్చును. ఆరు మాసములాగి, పదునెనిమిది మాసములలోపల తమ కోరికను మరల తెలుపవలెను. వేరుగా నుండుటయన వేరింట నుండుట కాదనియు, ఒకే కప్పు క్రింద నున్నను దాంపత్యము లేకున్న చాలుననియు 1991లో సుప్రీంకోర్టు తేల్చెను. డిక్రీ వెలువడువరకు ఇరువురిలో ఎవరైనను సమ్మతిని ఉపసంహరించుకొనవచ్చుననియు అప్పుడే చెప్పెను. రాజీకి ఆశ లేనిచోట, తక్కిన వివాదములు పరిష్కారమైనచో, ఆరు మాసముల గడువును న్యాయస్థానము మినహాయింపవచ్చునని 2017లో తీర్పిచ్చెను.

బిడ్డలు లేనివారికి సంరక్షణ వివాదముండదు. స్త్రీధనము, భరణము మాత్రము ముందే తేల్చుకొనుట మేలు. గడువు కాలహరణమని కొందరందురు. తొందరలో చేసిన నిర్ణయమును మరల తలపోయుటకే అది యేర్పడినదని మా భావన. ఆ పిదపను విడిపోవలసివచ్చినచో, ఒకరి పరువును మరియొకరు బజారున పడవేయక విడిపోవచ్చును. ఈ శాసనము తెచ్చిన మేలు అదియే.